తెర మీద ఆగిపోయిన చెయ్యి

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం

మా లతక్కకు తమ్ముడు నరేశ్ దండాలు పెట్టి రాసేది.

నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అవ్వా బాపూ కూడా బాగుండాలని రోజూ తలుచుకుంటున్నాను. అవ్వ మోకాలి నొప్పి ఎలా ఉంది? సిరిసిల్ల ఆసుపత్రిలో ఇచ్చిన బెల్టు కట్టుకుంటోందా, లేక దండెం మీద వేలాడదీసిందా? బాపు వేళకు తింటున్నాడా? నా గురించి ఏమీ బెంగపెట్టుకోకండి. వీడియోలో చూసి చిక్కిపోయానన్నావు. అది చిక్కడం కాదక్కా, జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకున్నాను. నిజంగా బాగున్నాను.

ఫోన్ చేతిలో ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వకు. పోయిన శుక్రవారం బొమ్మ అంత శుభ్రంగా ఎలా వచ్చిందని నువ్వు చేతులతో అడిగావు కదా. నేను తీగ చూపించాను, పెట్టె చూపించాను, గుంపులోంచి ఒకడిని పట్టుకుని ముందుకు తోస్తున్నట్టు చూపించాను. నేను ఎవరినో కొట్టి వచ్చానని నువ్వు భయపడ్డావు. చిన్నప్పటి నుంచి మనం కట్టుకున్న చేతి మాటల్లో ఈ పనికి ఒక్క మాటా లేదు. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను. కోరుట్ల గంగారాం అన్న సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతాను. ఆయన మా పనివాళ్లం ఉండే క్యాంపు మెస్సులో వంట చేస్తాడు. మెస్సు పప్పు నీళ్లలా ఉంటుందని నీకు చెప్పానే, అది ఆయనకు చెప్పకు.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇక్కడికి వచ్చిన నాటి నుంచి కంప్యూటర్ పనే చేస్తున్నానని మీకు చెప్పాను. అది అబద్ధం. జగిత్యాలలో నేర్చుకున్న నెట్‌వర్క్ కోర్సు కాగితం చూసి వీసా ఇప్పిస్తున్నానన్నాడు ఏజెంటు. తీరా దిగాక చేతికి గ్లౌజులిచ్చి గోదాములోకి తోలారు. కేబుల్ చుట్టలు భుజాన మోయడం, పైకప్పుల్లోకి దూరి తీగలు లాగడం. ఎండాకాలం ఆ పైకప్పుల్లో రేకులు కాలిపోయేవి, గాలిదుమారం వస్తే ముక్కులోంచి ఇసుక రాలేది. మన మగ్గాలు అమ్మేసిన రోజు బాపు ముఖం నాకు గుర్తుంది. ఆ ముఖం మళ్లీ చూడలేక అంతా బాగుందని రాశాను, చెప్పాను. ఇప్పుడు నిజంగానే బాగుంది కాబట్టి చెబుతున్నాను. ఆ గ్లౌజులు పోయాయి. ఎలా పోయాయో అదే చెప్పబోతున్నాను.

ఆ రోజు సంగతి నీకు తెలిసిందే, నీవైపు నుంచి. నావైపు నుంచి విను. మీ గార్మెంటు యూనిట్‌లో గుడ్డ కత్తిరించే శంకర్‌ను పెళ్లి చేసుకుంటానని నువ్వు చెప్పిన రోజు అది. ధర్మపురి వాళ్లు, అతనికీ వినపడదు, మంచివాడు, తనే అడిగాడు అని ఒక్క గుక్కలో నీ చేతులు చెప్పాయి. ఆపై బాపు ఒప్పుకోవడం లేదన్నావు. అవ్వ నాకు ఫోన్‌లో ముందే చెప్పింది. "ఇద్దరికి ఇనవడకపాయె, ఇల్లు మూగబోతదని అంటుండురా మీ బాపు" అని. బాపు రోజూ కాదంటుంటే నీకూ విసుగొచ్చింది. "నేనే వద్దంట, పీడ వోతది" అని చేతులు విసిరావు. నేను వెంటనే "వద్దు అనకు" అన్నాను. అరచెయ్యి ఊపి "వద్దు" అన్నాను, తర్వాత పెదవుల మీద వేలు పెట్టి "అనకు" అన్నాను. కానీ నీ తెర మీద నా చెయ్యి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. నీకు కనపడింది "వద్దు" ఒక్కటే. నేను మిగతాది చెబుతూనే ఉన్నాను, నువ్వు ఆగిపోయిన చెయ్యినే చూస్తూ కూర్చున్నావు. ఆపై ఫోన్ పెట్టేశావు.

మూడో రోజు అవ్వ ఫోన్ చేసింది.

"ఏందిరా, నువ్వు గూడ వద్దన్నవట? పొల్ల సక్కగ తింటలేదు."

"నేను వద్దనలే అవ్వా. వద్దు అనకు అన్న. సగంల బొమ్మ ఆగింది."

"గదంత దానికి నేనెట్ల జెప్పాలెరా? తిను, పండు, పోదాం పా, గంతే అస్తయి నా చేతులకు."

నీకు మెసేజ్ పెట్టాను. ఒకటి కాదు, ఎన్నో. చేతులతో చెప్పి వీడియో తీసి పంపితే అది నువ్వు తెరవనే లేదు. చివరికి నువ్వు ఒక్కటి రాశావు. "రాత ఎప్పుడన్న మార్చొచ్చు. నీ చెయ్యి నేను చూసిన." అది చదివి నేను ఆ రోజు మెస్సుకు పోలేదక్కా. ఎందుకంటే నీ మాట నిజమే. మన ఇద్దరి మధ్య చేతితో చెప్పిందే మాట. వినేవాళ్లకు బొమ్మ ఆగినా గొంతు వస్తుంది, ఎలాగో సర్దుకుంటారు. నీకు బొమ్మ ఆగితే మాట ఆగినట్టే.

అదే వారంలో ఆఫీసులో కొత్త ఫోన్లు పెట్టారు. ఇవి టెలిఫోన్ తీగ మీద కాదు, కంప్యూటర్ల తీగ మీదే నడుస్తాయి. మీటింగు గదిలో వీడియో తెర కూడా పెట్టారు. అన్నిటినీ కలిపే పెట్టె ఒకటుంటుంది, దాన్ని స్విచ్ అంటారు. లైటు వేసే స్విచ్ కాదు, ముప్పై నలభై తీగలు గుచ్చిన ఇనుప డబ్బా. గొంతు, బొమ్మ, ఫైళ్లు అన్నీ చిన్న చిన్న ముక్కలై అందులోంచే పోతాయి. రద్దీ అయినప్పుడు ఏ ముక్క ముందు పోవాలి, ఏది ఆగాలి అని దానికి నియమం రాసి పెట్టొచ్చు. మా నెట్‌వర్క్ చూసే బెన్నీ సార్ అదే రాశాడు. గొంతు ముందు, వీడియో తర్వాత, మిగతావి ఆ వెనక. ఆయనది కేరళ, నాతో హిందీలో మాట్లాడతాడు. నియమం రాసినా ఫోన్లలో గొంతు తెగిపోతూనే ఉంది. పెద్ద మేనేజరు రెండుసార్లు వచ్చి కేకలేసి పోయాడు. నేను పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాను.

లాప్‌టాప్‌లో అంకెలు కనపడుతున్నాయి. గొంతు కోసం పెట్టిన మొదటి వరుసలో సున్నా. ఎంతసేపు చూసినా సున్నాయే. జగిత్యాల క్లాసులో ఇదే అంకె ముందు చూడాలని నేర్పారు. నోరు ఆపుకోలేక అన్నాను.

"సార్, మొదటి వరుసలోకి ఒక్కటి కూడా పోవడం లేదు."

"ఎందుకు పోదు? ఫోన్ గుర్తు వేసే పంపిస్తుంది."

"ఫోన్ వేస్తోంది సార్. స్విచ్ నమ్మడం లేదు. ఈ పోర్టుల్లో గుర్తు చెరిపేస్తోంది."

నీకు చెప్పాలంటే ఇలా. మీ దగ్గర కత్తిరించిన గుడ్డల కట్టకు సైజు చీటీ కుట్టి పంపుతారు కదా. దారిలో ఎవరో చీటీలన్నీ పీకేస్తే నీ మిషన్ దగ్గరికి వచ్చేసరికి అన్ని కట్టలూ ఒకేలా ఉంటాయి. అదే జరుగుతోంది. ఫోన్లను వేరే పోర్టుల్లోకి, అంటే తీగలు గుచ్చే వేరే రంధ్రాల్లోకి, మార్చినప్పుడు గుర్తును నమ్మమని అక్కడ చెప్పడం మరిచిపోయారు. బెన్నీ సార్ కాసేపు తెర వంక చూసి, ఒక్క లైను టైపు చేశాడు. సున్నా పోయి అంకెలు గబగబా ఎక్కడం మొదలుపెట్టాయి. బల్ల మీద ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. ఆ తర్వాత నా గ్లౌజుల వైపు చూశాడు.

"నీకు ఇది ఎక్కడ తెలుసు?"

"జగిత్యాలలో సార్."

"అదెక్కడుంది?"

"మా ఊరి దగ్గర సార్."

ఆయనకు నవ్వొచ్చింది. మర్నాటి నుంచి గోదాముకు పోవద్దు, నా దగ్గరే ఉండు అన్నాడు. ఆ గ్లౌజులు మడిచి నిచ్చెన మీద పెట్టి వచ్చేశాను. బయట దుమ్ము గాలి వీస్తోంది, అయినా నాకు మంచి గాలిలాగే తోచింది. ఎవరితో చెప్పాలి? నీతో చెప్పాలి. నువ్వేమో ఫోన్ ఎత్తవు.

అప్పుడు అనిపించింది, ఆఫీసు ఫోన్లకు చేసింది మా క్యాంపుకు ఎందుకు చేయకూడదు అని. ఆఫీసు నుంచి క్యాంపుకు ఒకటే తీగ. సాయంత్రం డ్యూటీ దిగగానే అందరూ దాని మీదే పడతారు, సినిమాలు, క్రికెట్, ఇంటికి ఫోన్లు. బెన్నీ సార్‌ను అడిగాను. నీకెందుకు అన్నాడు. నీ సంగతి చెప్పాను. నా చెయ్యి ఎలా ఆగిపోయిందో ఆయన ముందే చేసి చూపించాను. ఆయన లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తర్వాత, "ఇప్పుడున్నదంతా ముందు కాపీ తీసి పెట్టుకో. ఆఫీసు ఫోన్లకు దెబ్బ తగిలిందా, పాతదే పెట్టేస్తాను. మళ్లీ అడగొద్దు" అన్నాడు.

దెబ్బ తగిలింది. నేను తొందరపడ్డాను. వీడియో అంటే అంతా వీడియోయే కదా అని, ఆఫీసు స్విచ్‌లో వీడియో మొత్తాన్నీ ముందు వరుసలోకి ఎక్కించాను. ఆ సాయంత్రం రెండు వందల మంది సినిమాలు కూడా ఆ వరుసలోకే వచ్చి కూర్చున్నాయి. ఇళ్లకు చేసే కాల్స్ బాగుపడలేదు సరికదా, ఆఫీసులో సాయంత్రం డ్యూటీ వాళ్ల ఫోన్లు కూడా గరగరమన్నాయి. బెన్నీ సార్ ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు, "తీసెయ్." తీసేశాను.

మర్నాడు అన్నం దగ్గర నా ముఖం చూసి గంగారాం అన్న గరిటె పట్టుకునే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అంతా చెప్పాను. ఆయన అన్నాడు:

"నీకు పిచ్చా ఏందిరా? సినిమాను ఎందుకు ముందట కూసవెడితివి? సినిమా జరంత ఆగినా మల్ల సూస్తం. మా ఇంటామె మాట ఆగితే మల్ల అస్తదా?"

"రెండు వీడియోలే కదన్నా."

"రెండొకటెట్లయితయిరా? సినిమాల హీరో నన్ను జవాబడగడు. మా ఇంటామె అడుగుతది."

నేను అన్నం సగంలో వదిలేసి లేచాను. ఆయన "తిని పో" అని అరుస్తూనే ఉన్నాడు. నిజమే కదక్కా. సినిమా ముందే కొంత వచ్చి ఫోన్‌లో నిలవ ఉంటుంది, కాస్త ఆలస్యమైనా తెలియదు. మాట్లాడుకునే వీడియో నిలవ ఉండదు, ఆ క్షణంలో రావాలి. రెండూ వచ్చే దారుల నంబర్లు కూడా వేరు, స్విచ్‌కు చెబితే తేడా పట్టగలదు. ఆ రాతంతా కాగితం మీద రాసుకుని బెన్నీ సార్ దగ్గరికి పోయి, ఇంకొక్కసారి అని బతిమాలాను. ఆయన కాగితం తీసుకుని చదివాడు. గొంతు ముందు. మాట్లాడుకునే వీడియో దాని వెనక, అదైనా తీగంతా ఆక్రమించకుండా ఒక హద్దు. సినిమాలకు మిగతా చోటు, అవి మొత్తానికి ఆగిపోకుండా కొంత వాటా. ఆయన పెన్నుతో ఒక్కటే దిద్దాడు, హద్దు ఇంకాస్త తగ్గించాడు.

ఆ సాయంత్రం గంగారాం అన్నతో ఇంటికి ఫోన్ చేయించి చూశాను. ఆయన తల గోక్కున్నాడు. "ఆమెకు నేను మంచిగనే గనవడుతున్ననట. నాకే ఆమె ముక్కలు ముక్కలు గనవడుతున్నది" అన్నాడు. అప్పుడు వెలిగింది. ఆఫీసు ఫోన్ల భయంతో ఈసారి నియమం క్యాంపు చివరనున్న స్విచ్‌లోనే రాశాను, అది ఇక్కడి నుంచి పోయేదాన్నే సర్దుతుంది. అక్కడి నుంచి వచ్చేదాన్ని తీగ మీదికి తోసేది ఆఫీసు స్విచ్. నియమం రెండు చివర్లా రాయాలి, లేకపోతే ఒకరు కనపడతారు, ఇంకొకరు కనపడరు. శుక్రవారం ఉదయం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు బెన్నీ సార్ సెలవు మానుకుని వచ్చాడు. ఈసారి కీబోర్డు నా ముందుకు జరిపి, "నువ్వే టైపు చెయ్యి" అన్నాడు. ఒక్కొక్క లైనూ కాగితంతో సరిచూసుకుంటూ టైపు చేశాను, ఎక్కడా తప్పు రాలేదు.

గంగారాం అన్న మళ్లీ ఫోన్ చేశాడు. అటునుంచి మొదటి మాట, "మీసాలకు రంగేసినవా?" క్యాంపంతా నవ్వింది. ఆయన సిగ్గుపడి ఫోన్ తీసుకుని మెస్సులోకి పోయాడు. సినిమాలు చూసేవాళ్లు ఒక్కరూ గొణగలేదు, వాళ్లకు తేడాయే తెలియలేదు.

నేను అవ్వకు ఫోన్ చేశాను. "అక్కను ఒక్కసారి ఫోన్ ముందట కూసవెట్టు అవ్వా, నీ దండం వెడత" అన్నాను. నువ్వు వచ్చావు. కానీ చేతులు కట్టుకుని కూర్చున్నావు. నువ్వు చేతులు కట్టుకుంటే నోరు మూసుకున్నట్టని నాకు తెలియదా? నీ పక్కన నీలం చొక్కా అతను ఉన్నాడు. అతనే శంకర్, అవ్వ పిలిపించిందని తర్వాత తెలిసింది. అతను నా వంక చూసి తన కుడి చెవి పట్టుకుని నవ్వాడు. అది నా పేరు. చిన్నప్పుడు ఇంట్లో నీ చెవిని నేనేనని నువ్వు నాకు పెట్టిన పేరు, మన ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు అతనికి నేర్పావని చూసి నేనూ నా చెవి పట్టుకున్నాను. అలిగి ఉన్నప్పుడు కూడా నా పేరు చెప్పావన్నమాట.

నేను నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ కనపడేట్టు, మళ్లీ చెప్పాను. వద్దు. అనకు. నువ్వు ముందుకు వంగావు. మళ్లీ చెప్పమన్నావు. చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. నీ కట్టుకున్న చేతులు విడిపోయాయి. "గన్ని దినాలు నన్నెందుకు ఏడిపిచ్చినవ్రా" అని నువ్వన్న మాట ఒక్క ముక్క పోకుండా నాకు అందింది. నీ చిటికెన వేలు వణకడం కూడా చూశాను.

తర్వాత జరిగింది నీకు తెలుసు. శంకర్ నాతో మాట్లాడబోతే నువ్వు అడ్డం, నువ్వు మాట్లాడబోతే అతను అడ్డం. అతను చదివిన బడిలో "తమ్ముడు"కు వేరే గుర్తు, మనది వేరే. ఏది సరైనదని మీరిద్దరూ నన్ను వదిలేసి పోట్లాడుకున్నారు. నీ ప్యాంటు జేబుల కుట్టు వంకర అని అతనన్నాడు, కత్తిరింపే వంకర అని నువ్వన్నావు. అంత వేగంగా నీ చేతులు ఆడడం నేను ఎన్నేళ్లయిందో చూసి.

నీకు తెలియనిది ఒకటుంది. మీరు పోట్లాడుకుంటున్నప్పుడు మీ వెనక మంచం మీద బాపు కూర్చుని ఉన్నాడు, పక్కన అవ్వ. నువ్వు తెర వైపు చూస్తున్నావు, వాళ్లు నీకు కనపడరు. నాకు వాళ్ల గొంతులు స్పష్టంగా వినపడ్డాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏందే గింత ముచ్చట? ఒక్కలన్న ఊకుంటలేరు" అన్నాడు బాపు.

"రోజు ఫోన్ల గిట్లనే" అంది అవ్వ.

బాపు చాలాసేపు చూశాడు. మీ ఇద్దరి చేతులనే చూశాడు. "సప్పుడు లేకుంటే ముచ్చట లేదనుకున్ననే నేను. ఇల్లు మూగబోతదనుకున్న" అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "ధర్మపురికి ఎన్నడు పోదాం మరి?" అన్నాడు.

అప్పుడు నేను ఒక్కసారిగా నవ్వాను. ఏంటి అని నువ్వు అడిగితే ఏమీ లేదన్నాను. ఆ మాట బాపు తనంత తాను నీకు చెప్పాలని ఆగాను. ఈ కాగితం చేరేలోపు చెప్పే ఉంటాడు. ఆయన చేతులకు అంత భాష రాదు, పైగా సిగ్గు. ఇంకా చెప్పకపోతే ఈ పేజీ ఆయన ముందు పెట్టి కూర్చో.

మీరు ధర్మపురి పోయినప్పుడు గోదావరిలో నా పేరు మీద కూడా ఒక మునక వేయండి. ముహూర్తం పెట్టుకునే ముందు నాకు చెప్పండి, సెలవు ఇప్పించే పూచీ తనదని బెన్నీ సార్ మాటిచ్చాడు. గంగారాం అన్న తిరిగి వచ్చేటప్పుడు అవ్వ చేతి ఎల్లిగడ్డ కారం ఒక డబ్బా పంపండి, మూత గట్టిగా బిగించండి. ఇక్కడ చలి మొదలైంది. శంకర్ కత్తిరించి నువ్వు కుట్టిన పొడుగు చేతుల అంగీ ఒకటి పంపితే వేసుకుని తిరుగుతాను. జేబులు ఎవరి తప్పు వల్ల వంకర పోయాయో నేను తేలుస్తాను.

ముస్తాబాద్ పెద్దబాపుకు, పెద్దవ్వకు నా దండాలు చెప్పు. మన వాడకట్టులో అడిగినవాళ్లందరికీ బాగున్నాడని చెప్పు. అవ్వకు, బాపుకు కాళ్లు మొక్కుతున్నానని నువ్వే వాళ్ల కాళ్లు ముట్టి చెప్పు. నువ్వు కూడా నన్ను మనసారా దీవించు. శంకర్‌ను బావా అని పిలవడానికి ఇద్దరికీ కుదిరే గుర్తు ఒకటి తేల్చుకుని ఉంచండి, వచ్చే శుక్రవారం నేర్చుకుంటాను.

ఎప్పుడూ నీ మేలు కోరే
తమ్ముడు
నరేశ్